గుమ్మంలో అరువు తాళంచెవి

తాళాలమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకోసారి చెప్పండి ఇన్‌స్పెక్టర్ గారూ, నాకు సరిగ్గా వినబడలేదు. ఐదు నెలల పసిదాని తల్లిని లాకప్పులో కూర్చోబెట్టడానికి మీ దగ్గరున్న సాక్ష్యం ఒకే ఒక్క తాళంచెవా?"

"ఒక్కటి చాలదా?" ఇన్‌స్పెక్టర్ కుర్చీలో తాపీగా వెనక్కి వాలాడు. "అలాంటిది ప్రపంచం మొత్తానికి ఒక్కటే ఉంది. అది ఆమె లాప్‌టాప్‌లో ఉంది. దాని పాస్‌వర్డు ఆమె బుర్రలో ఉంది. ఇంకేం కావాలి మేడమ్, గోడ మీద వేలిముద్రలా?"

కంపెనీ మీటింగు గదిలో కూర్చున్నారు వాళ్ళు. పొడుగాటి బల్ల, దాని మీద సీలు వేసిన సంచిలో ముద్దాయి లాప్‌టాప్. బయట వరండాలో ముద్దాయి కూతురు గుక్కపట్టి ఏడుస్తోంది. పొద్దుటి నుంచి సీసా పాలు నోట పెట్టనివ్వడం లేదు.

తాళాలమ్మ అసలు పేరు పోలీసు శాఖలో ఎవరికీ గుర్తులేదు. పదేళ్ళు సైబర్ విభాగంలో పనిచేసి, దూరం నుంచి సర్వర్లలోకి ఎవరు ఎలా దూరారో పట్టుకోవడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఒక తప్పుడు కేసులో పై అధికారి చూపించిన చోట సంతకం పెట్టనని ఉద్యోగం వదులుకుని, సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. అప్పుడు ఆ సంతకం పెట్టినవాడు ఇదిగో, ఈ ఇన్‌స్పెక్టరే. ఇద్దరివీ అప్పట్లో పక్కపక్క బల్లలు. అతన్ని చూస్తే ఆమెకు ఇప్పటికీ పళ్ళు పటపటమంటాయి.

కేసు చిన్నది కాదు. ఈ కంపెనీ ఆసుపత్రుల్లో వాడే డ్రిప్ మెషీన్లు తయారుచేస్తుంది. పోయిన గురువారం ఒక ఆసుపత్రిలో, గుండెజబ్బుతో చేరిన ఒక రిటైర్డ్ డ్రాయింగు మాస్టారికి మందు పదింతలు ఎక్కేసి ప్రాణం పోయింది. నర్సు వేలు జారి ఒక సున్నా ఎక్కువ నొక్కింది. మనిషన్నాక వేలు జారుతుంది, అందుకే మెషీన్‌లో ఒక గరిష్ఠ పరిమితి పెడతారు. ఎవరేం నొక్కినా అది దాటితే మెషీన్ మొరాయించి గంట కొట్టాలి. ఆ రోజు గంట కొట్టలేదు. ప్రోగ్రాంలో ఆ మందు పరిమితి దగ్గర ఉండాల్సిన అంకెకు బదులు దానికి పదింతల అంకె ఉంది.

ప్రోగ్రాం మొత్తం కంపెనీ కోడ్ సర్వర్‌లో ఉంటుంది. ఏ వరుసను ఎవరు ఎప్పుడు మార్చారో అదే చెబుతుంది. మాస్టారు పోవడానికి రెండు రోజుల ముందు, మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ముద్దాయి తాళంచెవితో సర్వర్‌లోకి వచ్చినవాళ్ళు ఆ అంకె మార్చారని చెప్పింది. ఆ ప్రోగ్రాం చూసే ఇంజినీర్లలో ఒకతె, ప్రసవం తరువాత ఇంటి నుంచే పనిచేస్తున్న అమ్మాయి. జీతం పెంచలేదన్న కోపంతో చేసిందని కంపెనీ అంది, నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టర్ వెళ్ళి పట్టుకొచ్చాడు. ఇవాళ ఐదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అక్కడి నుంచి నేరుగా జైలు. ఇప్పుడు మూడైంది.

తాళాలమ్మను పిలిపించింది ముద్దాయి అత్తగారు. కొడుకు ఓడలో ఇంజినీరు, నడిసముద్రంలో ఉన్నాడు, ఫోను అందదు. ఆవిడ టైలరింగ్ షాపు మూసేసి, మనవరాలిని భుజాన వేసుకుని వచ్చేసింది.

"అక్కగారూ, లోపలికి రండి," తాళాలమ్మ తలుపు తీసి పిలిచింది. "మంగళవారం పదకొండింటికి మీ కోడలు ఎక్కడుంది?"

"పిల్లకి టీకా వేయించడానికి పోయింది తల్లీ. పదింటికి వెళ్ళి, పన్నెండు దాటాక వచ్చింది. కావాలంటే ఆ క్లినిక్‌లో అడగండి."

"మరి లాప్‌టాప్?"

"బల్ల మీదే. మూత తెరిచే ఉంది. మూసిందంటే ఆఫీసు లైను తెగుతుందట, మళ్ళీ మొదటి నుంచి పాస్‌వర్డులూ అవీ కొట్టుకోవాలట. ఒక చేత్తో పిల్లనెత్తుకుని ఎన్నిసార్లని కొడుతుంది? అందుకని పొద్దున్న ఒకసారి తెరిస్తే సాయంత్రం దాకా మూయదు. నేను పక్కనే కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టుకుంటున్నాను. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు."

ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగాడు. "అంటే ఆ టైముకి దాని దగ్గరున్నది మీరొక్కరే. మీట నొక్కింది మీరేనన్నమాట."

తాళాలమ్మ నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది. "అలాగే రాసుకో నాయనా! నేనే నొక్కాను. నన్ను పట్టుకుపోయి ఆ పిల్లని వదిలిపెట్టు. ఏది నొక్కానో నాకు తెలీదు, అది మాత్రం నువ్వే నేర్పించి రాసుకో."

"నాటకాలాడకండి."

"నాటకమా? నీకు తల్లి లేదూ? ఈ పసిగుడ్డు ఏడుపు నీ చెవుల్లో పడ్డం లేదూ?" ఆవిడ గొంతులో ఉన్నది దుఃఖం కాదు, పచ్చి కోపం. "కోడల్ని అత్త వెనకేసుకొస్తోందంటే నమ్మబుద్ధి కావడం లేదేమో నీకు. నమ్మకపోతే పో!"

ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డలా అయింది. తాళాలమ్మకు ఆ పెద్దావిడ మీద అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది. దాంతోపాటే ఇన్‌స్పెక్టర్ మీద ఉన్న కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

"సర్వర్ గదికి పదండి," అంది లేచి. "బాబాయ్ అంటున్నారే అందరూ, ఆయన్ని కూడా పిలవండి."

బాబాయ్ అంటే ఆ కంపెనీ సర్వర్లు చూసుకునే అడ్మిన్. యాభై దాటిన వయసు, మెత్తని గొంతు. లాప్‌టాప్ మొండికేసిన ప్రతి కుర్రాడూ, కుర్రదీ ముందు ఆయన దగ్గరికే పరుగెడతారు. ముద్దాయి కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేది.

సర్వర్ గది తలుపు దగ్గర కానిస్టేబుల్ కూర్చున్నాడు. లోపల చలి, ఆపకుండా ఫ్యాన్ల హోరు. అన్నిటికంటే కింది అరలో ఒక చిన్న పెట్టె చుట్టూ పోలీసు టేపు చుట్టి ఉంది.

"ఇదేనా మీరు గుమ్మం అంటున్నది?" అడిగింది తాళాలమ్మ.

"అవునండీ," అన్నాడు బాబాయ్. "మేం దీన్నలాగే పిలుస్తాం. బయటి నుంచి ఎవరైనా సరే ముందు దీంట్లోకి రావాలి. ఇక్కడి నుంచే లోపలి కోడ్ సర్వర్‌కి వెళ్ళాలి. ఇంకో దారి లేదు. నేనే కట్టాను."

"శనివారం నుంచి దీన్ని ఎవరూ ముట్టుకోకుండా చేశాను," ఇన్‌స్పెక్టర్ గర్వంగా చెప్పాడు. "అన్నీ ఎక్కడివక్కడే నడుస్తుంటాయి గానీ, దీని పెద్ద పాస్‌వర్డు మార్పించి నా దగ్గర పెట్టుకున్నాను. బాబాయ్ కూడా లోపలికి పోలేడు. పని నీ దగ్గరే నేర్చుకున్నానుగా, ఆ మాత్రం తెలుసు."

"ఒక్కటైనా సరిగ్గా నేర్చుకున్నావు. సంతోషం." కోపంలో మర్యాద జారిపోయిందని తాళాలమ్మకు తెలుసు, సవరించుకోలేదు. "అసలు లాప్‌టాప్ సీలు నేను తీయను. మీవాళ్ళు దానికి నకలు తీసి వేరే లాప్‌టాప్‌లో ఎక్కించారు కదా, అది తెప్పించు. పాస్‌వర్డు?"

"ఆమే చెప్పింది. దాచడానికేముంది అంది."

"దోషి ఎవరైనా పాస్‌వర్డు అడగ్గానే ఇస్తారా, ఆ ముక్క నీకు తట్టలేదా?"

"తెలివైన దోషి ఇస్తుంది," అన్నాడు అతను. అతనితో ఇదే చిక్కు. ఏదంటే దానికి ఒక జవాబు జేబులో పెట్టుకుని తిరుగుతాడు.

నకలు లాప్‌టాప్ వచ్చింది. తాళాలమ్మ కింద నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. గుమ్మంలోకి ఎలా వెళ్ళాలో చెప్పే చిన్న ఫైలు తెరిచింది. అందులో ఐదే వరుసలు. నాలుగో వరుస చూడగానే ఆమె నుదుటి నరం ఉబ్బింది.

"బాబాయ్, ఈ వరుస ఎవరు రాశారు?"

ఆయన వంగి చూశాడు. "నేనేనండీ. అందరి లాప్‌టాప్‌లలోనూ పెట్టాను. అంతకుముందు రోజూ ఒకటే గోల. గుమ్మం దాకా వస్తున్నాం బాబాయ్, అక్కడి నుంచి కోడ్ సర్వర్ రానివ్వడం లేదు, తాళంచెవి లేదంటోంది, అని. ఫోన్ల మీద ఫోన్లు. ఈ వరుస పెట్టాక ఒక్క ఫోను లేదు."

"ఉండదు మరి. ఇల్లు బార్లా తెరిచిపెడితే తలుపు రావడం లేదని ఎవరు ఫోను చేస్తారు?"

"ఏంటది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

తాళాలమ్మ అతని వైపు తిరిగింది. "చెప్తా, ఈసారైనా విను. ఆ అమ్మాయి తాళంచెవి అంటున్నావే, అది నిజానికి ఒక ముద్ర లాంటిది. ఇల్లు దాటి బయటికి పోదు. కోడ్ సర్వర్ ఒక కాగితం పంపుతుంది, ఇంట్లో ఉన్న లాప్‌టాప్ దాని మీద ముద్ర గుద్ది తిప్పి పంపుతుంది. ఆ ముద్ర చూసి సర్వర్ లోపలికి రానిస్తుంది. అంతవరకూ భేషుగ్గా ఉంది. ఈ నాలుగో వరుస ఏం చేస్తుందో తెలుసా? గుమ్మం నుంచి ఏ కాగితం వచ్చినా సరే, ఎవరు పంపారని అడక్కుండా ముద్ర గుద్దెయ్ అని లాప్‌టాప్‌కి చెబుతుంది. ఆమె లైను తెరిచి ఉన్నంతసేపూ, గుమ్మంలో పెత్తనం ఉన్నవాడు తన కాగితం దూర్చి ఆమె ముద్ర వేయించుకోవచ్చు. తాళంచెవి దొంగిలించక్కర్లేదు. అరువు తీసుకుంటే చాలు."

"ఆమె ఇంట్లో లేకపోయినా?"

"ఇంట్లో లేకపోయినా, టీకా వేయిస్తున్నా, నిద్రపోతున్నా. లాప్‌టాప్ మూత తెరిచుంటే చాలు. గుమ్మం లోపలికి తొంగి చూడలేనట్టు, మూసిన గొట్టంలోంచి నేరుగా కోడ్ సర్వర్‌కి వెళ్ళే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. అది పెట్టకుండా ఇది పెట్టారు ఈ పెద్దమనిషి."

"పాత లాప్‌టాప్‌లలో అది సరిగ్గా పనిచేయలేదండీ," బాబాయ్ నీళ్ళు నమిలాడు. "నేను మంచికే..."

"ఊహలు!" ఇన్‌స్పెక్టర్ చేతులు విదిలించాడు. "చేయొచ్చు, చేయగలరు, చేసి ఉండొచ్చు. కోర్టులో ఇవి పనికిరావు. అసలు నీకెప్పుడూ ఇదే రోగం. ఎదురుగా కనబడే దొంగను వదిలేసి, కనబడని దొంగ కోసం వెతుకుతావు. అందుకే శాఖలో నిలవలేకపోయావు."

"శాఖలో నిలవలేకపోవడం కాదు, నా వెన్నెముక వంగలేదు!" తాళాలమ్మ గొంతు ఫ్యాన్ల హోరును మించిపోయింది. తలుపు దగ్గర కానిస్టేబుల్ ఉలిక్కిపడి లేచాడు. "అప్పుడూ ఇంతే. అందిన మనిషిని లోపలేసి చేతులు దులుపుకున్నావు. ఆ మనిషి బయటికి వచ్చేసరికి ఇల్లూ వాకిలీ పోయాయి. ఇవాళ ఈ పిల్ల జైలుకు పోతే ఆ పసిదాని సంగతేంటి? నువ్వొచ్చి పాలిస్తావా?"

ఇన్‌స్పెక్టర్ చూపు టేపు చుట్టిన పెట్టె మీదికి మళ్ళింది. పాత కేసు మాట ఎత్తితే అతను వెనక్కి తగ్గుతాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే ఎత్తింది.

"పది నిమిషాలివ్వు," అంది ఆమె కొంచెం తగ్గి. "ఊహ కాదు, చేసి చూపిస్తాను. ఈ నకలుతో గుమ్మంలోకి వెళ్తాను. ముద్ర ఎప్పుడు వాడబోయినా ముందు తెర మీద నన్ను అడిగేలా ఒక్క మార్పు చేస్తాను. తరవాత నువ్వు పెద్ద పాస్‌వర్డుతో గుమ్మంలో కూర్చుని, నేను చెప్పినట్టు చేసి, ఆ అమ్మాయి పేరుతో కోడ్ సర్వర్‌లోకి పో. లాప్‌టాప్ నా ముందే ఉంటుంది, నేను మీట ముట్టను. నువ్వే చేసి నువ్వే చూడు."

"నకలును లైనులో కలపడం మంచిది కాదేమో సార్," బాబాయ్ మెత్తగా అన్నాడు. "సాక్ష్యం చెడిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని చూశాడు, తాళాలమ్మను చూశాడు. "నకలే కదా. కానివ్వు. ఇది తప్పని తేలితే మాత్రం ఇంకెప్పుడూ నా కేసులో వేలు పెట్టకూడదు."

"ఒప్పుకున్నాను."

తాళాలమ్మ ఆ మార్పు చేసి, పాస్‌వర్డు కొట్టింది. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది: 'ఈ తాళంచెవిని వాడబోతున్నారు. అనుమతించాలా?' ఇది గుమ్మంలోకి వెళ్ళడానికి ఆమె స్వయంగా అడిగినది. సరే అని నొక్కింది. గుమ్మం తెరుచుకుంది. లాప్‌టాప్‌ను నేల మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

"ఇప్పుడు నీ వంతు. పోయి గుమ్మం కీబోర్డు ముందు కూర్చో."

ఇన్‌స్పెక్టర్ అటు కదలబోయి ఆగాడు. అతని కళ్ళు తెరకు అతుక్కుపోయాయి.

తెర మీద పెట్టె మళ్ళీ వచ్చింది. 'ఈ తాళంచెవిని వాడబోతున్నారు. అనుమతించాలా?'

"నువ్వేం నొక్కావు?" అన్నాడు.

"ఏమీ నొక్కలేదు." ఇది తాళాలమ్మ కూడా అనుకున్నది కాదు. "నువ్వింకా కుర్చీ దాకా పోలేదు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. ఆ అమ్మాయి నీ లాకప్పులో ఉంది. మరి ముద్ర అడుగుతున్నదెవరు?"

ఆమె వద్దు అని నొక్కింది. క్షణం ఆగి పెట్టె మళ్ళీ వచ్చింది. మళ్ళీ వద్దంది. మళ్ళీ వచ్చింది.

"గుమ్మంలో ఎవరో ప్రోగ్రాం ఒకటి కాపలా పెట్టారు," అంది ఆమె లేచి నిలబడుతూ. "ఈ అమ్మాయి లైను తెరుచుకోగానే దూరమని. పని అయ్యాక తీసేద్దామనుకునేలోపు నువ్వు టేపు చుట్టి పాస్‌వర్డు మార్చేశావు. ఆమె లాప్‌టాప్ మళ్ళీ ఈ జన్మలో లైనులోకి రాదనుకుని ఊరుకున్నారు."

బాబాయ్ గోడ వైపు కదిలాడు. యాభై దాటిన మనిషి అంత చురుగ్గా కదలగలడని ఎవరూ అనుకోరు. గుమ్మం కరెంటు తీగ ఆయన చేతికి అందింది గానీ, లాగేలోపు ఇన్‌స్పెక్టర్ ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి విరిచాడు.

"నా చేత!" ఇన్‌స్పెక్టర్ అరిచాడు. "నా చేత తప్పుడు కేసు రాయించావా? నిన్న నా పక్కన నిలబడి ఆ పిల్ల తల నిమిరావే, నిజం చెప్పెయ్యమ్మా అని!"

"వదలండి సార్, చెప్తాను, చెప్తాను," బాబాయ్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ మెత్తని గొంతు ఇప్పుడు వినడానికే అసహ్యంగా ఉంది. "చంపాలని కాదండీ. అంకె ఎవరూ మార్చలేదు. అది మొదటి నుంచీ తప్పే. ప్రోగ్రాంలో ఆ మందు చేర్చిన రోజునే తప్పు పడింది, ఎవరూ చూసుకోలేదు. మాస్టారు పోయాక తెలిసింది. కంపెనీ తప్పని బయటపడితే మూసుకోవాల్సిందేనన్నారు డైరెక్టర్ గారు. ఎవరో కావాలని మార్చినట్టు చూపించమన్నారు. సర్వర్‌లో ఉన్న పాత నకళ్ళలో అంకె సరిచేసి, మంగళవారం మార్చినట్టు తేదీ వేసి, శుక్రవారం తన లైను తెరిచి ఉండగా తన ముద్ర వేయించి ఎక్కించాను."

"ఆ అమ్మాయి పేరే ఎందుకు?" అడిగింది తాళాలమ్మ.

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అడిగేది నిన్నే! నిన్ను బాబాయ్ అని పిలిచిన పిల్లే ఎందుకు?"

"తనొక్కతే రోజంతా లైను మూయదు కదండీ. పిల్లతో వీలుపడదని. మిగతావాళ్ళు పని అవగానే మూసేస్తారు."

తాళాలమ్మ చెయ్యి పైకి లేచింది. కొట్టకుండా ఆపుకోవడానికి ఆమె పక్కనున్న ఇనప అరను గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. కోపంతో కళ్ళు చెమర్చడం ఆమెకు ఇదే మొదటిసారి. ఇన్‌స్పెక్టర్ ఆమెను చూసి తల దించుకున్నాడు. కానిస్టేబుల్‌ను పిలిచి, బాబాయ్‌ను అప్పగించి, ఫోను తీశాడు. "డైరెక్టర్‌ని బిల్డింగు దాటనివ్వకండి. ఆ అమ్మాయిని కోర్టుకి తీసుకెళ్ళొద్దు," అన్నాడు. క్షమాపణ అతని నోట రాలేదు గానీ, గొంతులో ఉంది.

అప్పుడు తాళాలమ్మకు బాబాయ్ అన్న ఒక మాట మళ్ళీ తట్టింది.

"బాబాయ్, మొదటి నుంచీ తప్పే అన్నావు. అయితే ఆ అంకె ఎన్ని మెషీన్లలో ఉంది?"

ఆయన కళ్ళు నేల మీదే ఉన్నాయి. "అన్నిట్లోనూ."

"అన్నీ అంటే?"

"మేం అమ్మినవన్నీ. నాలుగు వేల పైమాటే. సరిచేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఆపేశారు."

ఈ క్షణాన నాలుగు వేల మంచాల పక్కన ఆ మెషీన్లు చుక్కచుక్కగా మందు వదులుతున్నాయి. ఎక్కడో ఒక నర్సు వేలు జారితే చాలు.

"ముందు ప్రతి ఆసుపత్రికీ ఫోను కొట్టించు," తాళాలమ్మ ఇన్‌స్పెక్టర్‌తో అరిచినంత పనిచేసింది. "ఆ మందు మెషీన్‌తో ఎక్కించొద్దని చెప్పించు. అన్ని ఆసుపత్రులకీ ఫోన్లు చేసేసరికి రేపవుతుంది. బాబాయ్, అన్నిటికీ ఒకేసారి సవరణ పంపే దారి లేదా?"

"ఉందండీ. దూరం నుంచి పంపే ప్రోగ్రాం ఉంది. కానీ అది నడపడం ఒక్కరికే వచ్చు. నేర్చుకున్న మిగతా ఇద్దరూ పోయిన నెల మానేశారు."

"ఎవరా ఒక్కరు?" అని అడుగుతుండగానే తాళాలమ్మకు జవాబు తెలిసిపోయింది. ఇన్‌స్పెక్టర్‌కు కూడా తెలిసిపోయింది. అతను గదిలోంచి ఒక్క ఉదుటున బయటికి నడిచాడు.

వరండా చివర అత్తగారు అడ్డంగా నిలబడి ఉంది. భుజం మీద పసిది ఏడ్చి ఏడ్చి వెక్కుతోంది. లోపలి కేకలు ఆవిడకు అన్నీ వినబడ్డాయి.

"తప్పుకోండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ కోడల్ని తీసుకురావాలి. ఆమె మీద కేసు లేదు. ఆమె వచ్చి ఆ మెషీన్లు సరిచేయాలి. ఆలస్యమైతే ప్రాణాలు పోతాయి."

"చేస్తుంది," అంది ఆవిడ, కదలకుండా. "మీరు పెట్టిన ఏడుపంతా మింగేసి మరీ చేస్తుంది, దాని గుణం నాకు తెలుసు. కానీ ముందు జీపులో నేనూ, ఈ పిల్లా ఎక్కుతాం. స్టేషన్‌లోనే దీన్ని దాని ఒళ్ళో పెడతాను. ఒక చేత్తో పిల్లకి పాలిస్తూ, ఒక చేత్తో మీ నాలుగు వేల మెషీన్లూ సరిచేస్తుంది. ఐదు నెలలుగా అలాగే చేస్తోంది, ఈ ఆఫీసులో ఒక్కడికీ కనబడలేదు. ఇవాళ అందరూ ఎదురుగా నిలబడి చూడండి."